వెనక సస్పెన్షన్

బొడ్డేపల్లి వరహాలరావు గుమ్మలపాడు గోదాముకి మేనేజరు. మన్యం నిత్యావసర సరఫరా సంస్థ అని ఒకటుంది. కొండమీది ఊళ్లకు బియ్యం, పప్పు, నూనె చేరవెయ్యడం దాని పని. చేరవెయ్యడం కంటే చేరవేసినట్టు రాయడంలోనే దానికి ఆసక్తి ఎక్కువని గిట్టనివాళ్లు అంటారు. గిట్టినవాళ్లూ అంటారు గాని, కాస్త గొంతు తగ్గించి అంటారు.

ఆ గోదాముకి ఒక పికప్పు బండి ఉంది. ఖాళీగా ఉన్నంతసేపూ దానికి ఏ లోపమూ కనపడదు. బియ్యం బస్తాలు ఎక్కించారా, కుక్క కూర్చున్నట్టు వెనక చతికిలబడి మూతి ఆకాశానికి ఎత్తేది. ముందు చక్రాలు నేలకి ఆనీ ఆనకుండా ఉండేవి గనక స్టీరింగు ఎటు తిప్పినా బండి తనకు నచ్చిన వైపే పోయేది. కొండదారిలో ఒక పక్క లోయ. బండికి ఆ పక్కే నచ్చేది.

"బాబూ, కమాన్లు సచ్చిపోనాయి," అన్నాడు డ్రైవరు వంతల సోమన్న, బండి కిందనుంచి పాక్కుంటూ బయటికొచ్చి. "ఈ కమాన్లతో ఎగువసంత కొండ ఎక్కితే మనం అటే ఎల్లిపోతాం."

కమాన్లంటే వెనక ఇరుసు మీద విల్లులా వంగి బరువు మోసే ఉక్కు పట్టీల కట్టలు. అవి వంపు తీరిపోయి చపటాగా పడున్నాయి. పట్నంలో తవుడు అనే మెకానిక్కుని అడిగితే మూడు మార్గాలు చెప్పాడు. కట్టలు మొత్తం మార్చి లారీకి వేసేంత మందం పట్టీలు వెయ్యొచ్చు. లేదా ఇరుసు మీద రబ్బరు గాలిసంచులు కూర్చోబెట్టొచ్చు. అదీ కాకపోతే పాత కట్టల్లోనే పక్కకి రెండేసి పట్టీలు అదనంగా దూర్చొచ్చు.

"లారీ పట్టీలేస్తే ఖాళీగా దిగినప్పుడు ఎగిరెగిరి పడతాది, మన నడాలు ఇరిగిపోతాయి," అన్నాడు సోమన్న. "గాలిసంచులైతే మెత్తగా ఉంటాది. కానీ ఆ రాళ్లలో, ముళ్లలో గాలిని నమ్ముకోని కొండెక్కుతామేటి బాబూ? పట్టీలే దూర్పించండి. బరువున్నప్పుడే పన్జేస్తాయి, నేకపోతే గమ్మునుంటాయి."

వరహాలరావుకీ అదే సబబుగా తోచింది. ఇంక రాయడమే తరువాయి. అక్కడే చిక్కొచ్చింది.

అంతకుముందు ఏడాది ఆయన ఇదే సంగతి తెలుగులో, "గోదాముకు కమాన్లు అత్యవసరం" అని రాశాడు. ప్రధాన కార్యాలయం నుంచి ప్రశ్నలొచ్చాయి. కమాను ఎన్ని అడుగుల ఎత్తు? ఎవరికి స్వాగతం పలకడానికి? పైన విగ్రహం ఉంటుందా, ఉంటే ఎవరిది? విగ్రహం ఎవరిదో తేలక ఆ ఫైలు అలాగే కూలబడింది. వరహాలరావుకి తల తీసేసినట్టయింది. ఆయనకసలు ఆఫీసు భాషంటే ప్రాణం. అన్నం పెట్టమని భార్యని అడగడానికి కూడా "తగు చర్య నిమిత్తం" అని మొదలుపెట్టే మనిషి. అలాంటివాడు మోటుమాట రాసి నవ్వులపాలయ్యాడు. ఈసారి ఆ పొరపాటు చెయ్యదలుచుకోలేదు.

"పట్టీల్ని లీఫులనాలి. కమాన్లు అనకూడదయ్యా, సస్పెన్షన్ అనాలి," అన్నాడు.

"అంటే ఏటి బాబూ?"

"ఎంత బరువు పడ్డా వెనక కూలబడిపోకుండా కాసేది."

"మంచి మాటే," అని సోమన్న దాన్ని రెండుసార్లు నోట్లో తిప్పుకున్నాడు.

వరహాలరావు తీరిగ్గా కూర్చుని దివ్యంగా రాశాడు. మా వాహనమునకు రియర్ సస్పెన్షన్ తక్షణావసరము. ప్రస్తుత సస్పెన్షన్ ఏమాత్రము చాలదు, దానిని అప్‌గ్రేడు చేసి మరింత గట్టిపరచవలెను. అదనముగా లీఫులు, రెండు షాక్ అబ్జార్బర్లు మంజూరు చేయగోరుచున్నాను. ఎగువసంత ఆడపిల్లల హాస్టలుకు వానాకాలపు బియ్యము చింతగెడ్డ వాగు పొంగకముందే చేరవలసియున్నందున జాప్యము తగదు. రాసి ఒకసారి పైకి చదువుకున్నాడు. ఒళ్లు పులకరించింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. సరిగ్గా అప్పుడే ప్రధాన కార్యాలయంలో క్రమశిక్షణ మాసోత్సవాలు జరుగుతున్నాయి. కొత్తగా వచ్చిన మేనేజింగ్ డైరెక్టరు ప్రతి గోదాము నుంచీ కనీసం ఒక సస్పెన్షన్ రావాలని లక్ష్యం పెట్టాడు. బ్యానర్లు కట్టారు, ప్రతిజ్ఞ చేయించారు, ముగ్గుల పోటీ పెట్టారు. కానీ ఏ మేనేజరూ తన మనిషిని ఇవ్వడానికి ఒప్పుకోలేదు. క్రమశిక్షణ విభాగం సూపరింటెండెంటు పరాంకుశం గారు వట్టి చేతులతో డైరెక్టరు ముందు ఎలా నిలబడాలా అని తిండి మానేసి ఉన్నారు. అలాంటి వేళ, అడక్కుండానే ఒక మేనేజరు తనంతట తాను సస్పెన్షన్ కావాలని, అదీ గట్టిది కావాలని రాస్తే ఆయన కళ్లు చెమర్చవూ?

జవాబు రెక్కలు కట్టుకుని వాలింది. సోమన్న చేతులు తుడుచుకుని వచ్చి నిలబడ్డాడు.

"పట్టీ ఇచ్చినారా బాబూ?"

"ఇచ్చారు," అన్నాడు వరహాలరావు నీరసంగా. "హాజరు పట్టీ."

ఉత్తర్వు ఇలా ఉంది: "గుమ్మలపాడు మేనేజరు వారు తమ పరిధిలోని వాహనమునకు సస్పెన్షన్ అవసరమనియు, అది 'రియర్' అనగా వెనుకటి తేదీ నుండి వర్తింపవలెననియు, మిక్కిలి గట్టిగా ఉండవలెననియు కోరియున్నందున, సదరు పికప్పును గడచిన ఉగాది నుండి సస్పెండు చేయడమైనది. సస్పెన్షన్ కాలమందు జీవన భృతిగా సగము డీజిలు చెల్లించబడును. అనుమతి లేనిదే అది గుమ్మలపాడు విడిచి వెళ్లరాదు. ప్రతిదినము హాజరు పట్టీలో సంతకము చేయవలెను."

"సగం డీజిలుతో సగం కొండే ఎక్కుతాం కదా బాబూ," అన్నాడు సోమన్న.

"సగమూ ఎక్కం. ఊరు దాటకూడదన్నారు."

మర్నాటినుంచి హాజరు మొదలైంది. సంతకం రానివాళ్లు వేలిముద్ర వెయ్యొచ్చని నిబంధన ఉంది గనక, పట్టీని నేలమీద పరిచి సోమన్న బండిని వెనక్కి నడిపి టైరు ముద్ర వేయించాడు. ఆ పట్టీని చూసిన ప్రధాన కార్యాలయం, ముద్ర పక్క ఉద్యోగుల గళ్లలోకి చొరబడుతోందనీ, ఇకపై తన గడిలోనే సంతకం చేయాలనీ బండిని హెచ్చరించింది. ఆ హెచ్చరికని అద్దానికి అంటించారు.

వరహాలరావు ఇంక ఆగలేక ప్రధాన కార్యాలయానికి బస్సెక్కాడు. గుమ్మంలో అడుగు పెట్టగానే ఎవరో ఆయన భుజాల మీద శాలువా కప్పారు. చప్పట్లు కొట్టారు. పరాంకుశం గారు ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నారు.

"సొంత గోదాములో క్రమశిక్షణకు నడుం కట్టిన తొలి మేనేజరు మీరు. రండి, రండి."

"అయ్యా, అది బండండీ!"

"తెలుసు. ఫొటో కూడా జతపరిచారుగా. దృఢకాయంగా ఉంది."

"బండిని సస్పెండు చెయ్యడమేమిటండీ? నేనడిగిన సస్పెన్షన్ వేరు."

పరాంకుశం గారు జాలిగా నవ్వారు. "సస్పెన్షన్‌లో వేరు లేదు వరహాలరావు గారూ. మనకు తెలిసింది ఒకటే సస్పెన్షన్. పోనీ, ఆ బండికి సర్వీసు బుక్కు ఉందా?"

"ఉందండీ. ఆయిలెప్పుడు మార్చామో..."

"సర్వీసు బుక్కు ఉన్నదంటే సర్వీసులో ఉన్నట్టే. సర్వీసులో ఉంటే మా పరిధిలో ఉన్నట్టే. మీ తక్కిన కోరికలే మన్నించలేకపోయాం. లీఫులన్నారు. మీ చేతిరాతలో 'వ'కి ఒత్తు పడి 'ఫ' అయినట్టుంది, పరవాలేదు. కానీ సస్పెన్షన్‌లో ఉన్నవాళ్లకి లీవులుండవు. ఇక చివర్న షేక్ అబ్జార్బర్లన్నారు."

"షాక్ అండీ."

"మాకూ షాకే. తాత్కాలిక సిబ్బందిని అబ్జార్బు చేసుకోవడం మీద నిషేధం ఉందని తెలిసీ, ఇద్దరు షేకుల్ని అబ్జార్బు చెయ్యమని మీలాంటి అనుభవజ్ఞులు రాయడం!"

వరహాలరావుకి ఇరవై ఏళ్లుగా తాను వల్లించిన భాషే ఇప్పుడు ఎదురుగా కుర్చీలో కూర్చుని తనని చూసి నవ్వుతున్నట్టనిపించింది.

"పోనీ, ఎత్తెయ్యండి," అన్నాడు చివరికి.

"విచారణ జరగాలి. అందులో బండి తన వాదన వినిపించాలి."

"హారను కొడుతుందండీ."

"విచారణాధికారి ముందు హారను కొడితే ధిక్కారం." పరాంకుశం గారు గొంతు మెత్తబరిచారు. "అలాగని మేం రాక్షసులమని అనుకోకండి. సస్పెన్షన్‌లో ఉన్నా వైద్యం మాత్రం ఆపం. చికిత్స, గాలి మార్పు, పథ్యం, అన్నీ నిబంధనల్లో ఉన్నాయి. మాది మానవతా దృక్పథం."

వరహాలరావు శాలువా మడిచి చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాడు.

ఆ వారంలోనే ఎగువసంత హాస్టలు వార్డెను కిల్లో రుక్మిణి కొండ దిగి నడిచొచ్చింది. పైన మబ్బు పట్టి ఉంది. ఆమె చీర కుచ్చెళ్లు అప్పుడే గెడ్డనీళ్లలో తడిసి ఉన్నాయి. కూర్చోమంటే కూర్చోలేదు. కొంగుముడి విప్పి ఒక కాగితం తీసి బల్లమీద పెట్టింది.

"సార్, ఇదేటో మీరే సదవండి. నాకు సరిగా అర్దమైతే మతి పోయేలాగుంది."

నోటీసు పరాంకుశం గారిదే. ఉగాది నుంచి సస్పెన్షన్‌లో ఉన్న వాహనం ఆ తర్వాత మోసిన బియ్యం అనధికార బియ్యం అవుతుందట. కాబట్టి హాస్టలు విద్యార్థినులు ఆ బియ్యాన్ని యథాతథ స్థితిలో తిరిగి అప్పగించాలట.

"మా పిల్లలది తినేసినారు సార్," అంది రుక్మిణి. "యథాతథంగా అంటే ఎలాగివ్వాలో అదీ రాసిస్తే ఇస్తాం."

వరహాలరావు ఆ కాగితాన్ని మడిచి పక్కన పెట్టాడు.

"పోయినేడు గెడ్డ పొంగితే మీ బండి రానేదు. పనసపిక్కలు ఉడకేసి పెట్టినాం. చిన్నపిల్లలు కడుపునొప్పని రాత్రంతా ఏడిసినారు. ఈయేడు తప్పకుండా పంపిస్తానని మీరే మాటిచ్చినారు. మీ కాయితాలు మాకొద్దు సార్. బియ్యం కావాల. ఈ మబ్బు దిగిందంటే దసరాదాకా గెడ్డ దాటలేం."

ఆమె వెళ్లిపోయాక వరహాలరావు నిజంగా సిగ్గుపడ్డాడు. గోదాములో బియ్యం ఉంది. తినడానికి పిల్లలున్నారు. మధ్యలో అడ్డంగా పడున్నది తన సొగసైన మాట ఒక్కటే. కమాను అని రాసినా పోయేది, ఫైలు విగ్రహం దగ్గర ఆగేది గాని పిల్లల నోటి దగ్గరికి వచ్చేది కాదు.

అంతలో ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు.

"సోమన్నా! బండికి ఒంట్లో ఎలా ఉంది?"

సోమన్న ఆయన్ని ఎగాదిగా చూశాడు. "ఏటి బాబూ, మీకేటైనా..."

"నాకు బాగానే ఉంది. దానికి నడుం నొప్పి. తెలిసిందా? బరువెత్తితే వెన్ను వంగిపోతోంది. కూలబడితే లేవలేకపోతోంది. పద, తవుడు దగ్గర సర్టిఫికెట్టు తెద్దాం."

ముల్లుని ముల్లుతోనే తియ్యాలంటారు. వరహాలరావు ఆ సాయంత్రం రాసిన అర్జీ లాంటిది ఆ సంస్థ చరిత్రలో లేదు. సస్పెన్షన్‌లో ఉన్న సదరు పికప్పు తీవ్రమైన వెన్నునొప్పితో బాధపడుచున్నది. నిపుణులు పరీక్షించి వెన్నులో ఇరువైపులా రెండేసి ఉక్కు పట్టీలు వేయనిదే నయము కాదని తేల్చినారు. మానవతా దృక్పథముతో అనుమతింపగోరుచున్నాను. ఒక్క మాట కూడా అబద్ధం కాదు.

వైద్య విభాగం ఎగిరి గంతేసింది. ఆ ఏడాది వాళ్లకి ఒక్క రోగీ దొరక్క నిధులు మురిగిపోయేలా ఉన్నాయి. వెంటనే ప్రశ్నలు పంపింది. రోగి వయసెంత? తొమ్మిదేళ్లని రాశాడు. చిన్నపిల్ల గనక తోడుగా ఒకరుండవచ్చని సోమన్నకి అనుమతి వచ్చింది. వెన్నునొప్పికి ఇప్పుడు గాలిసంచుల వైద్యం కూడా ఉందట, దాన్నెందుకు ఎంచుకోలేదు? రోగికి గ్యాసు పడదని రాశాడు. పెద్ద చికిత్స చేసి మొత్తం వెన్నే మార్చకూడదా? ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు రోగి ఎగిరిపడే ప్రమాదం ఉందని రాశాడు. నిపుణుల సంఘం ఈ జవాబులను మెచ్చుకుంది.

తవుడు పట్టీలు దూర్చి, బోల్టులు బిగించి, బిల్లు మీద పేషెంటు పేరు దగ్గర బండి నంబరు వేశాడు. అది వైద్య ఖర్చు కింద పాసైంది. దాంతోపాటు శస్త్రచికిత్స అయిన రోగి కోలుకునేందుకు గాలి మార్పు నిమిత్తం ఎగువసంత కొండకు వెళ్లడానికి, తన పథ్యం తాను తీసుకెళ్లడానికి అనుమతి వచ్చింది.

"పథ్యమంటే?" అన్నాడు సోమన్న.

"మెత్తగా ఉడికిన అన్నం. ఎక్కించు."

బస్తాలు ఎక్కుతున్నకొద్దీ వరహాలరావు బండి పక్కనే వంగి చూస్తూ నిలబడ్డాడు. పాత పట్టీలు వంగాయి, వంగాయి, కొత్తవాటిని ఆనుకున్నాయి. ఆనుకుని ఆగాయి. బండి నేలకి సమంగా నిలబడింది. ముందు చక్రాలు ఎన్నాళ్లకో మట్టిని గట్టిగా పట్టుకున్నాయి. వరహాలరావు గబుక్కున ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాడు.

"మీరెందుకు బాబూ? తోడుకి ఒక్కడికే పరిమిషను."

"నేను చూడవచ్చిన చుట్టాన్ని. పోనీ."

చింతగెడ్డ అప్పటికే ఎర్రగా తిరిగిపోయింది. నీళ్లు ఇరుసుని తాకాయి. రాళ్ల మీద బండి ఎగిరి పడ్డప్పుడల్లా వరహాలరావు కళ్లు మూసుకుని వినేవాడు. పాతరోజుల్లో వెనక నుంచి దబ్బుమని ఇరుసు తొట్టికి కొట్టుకున్న మోత వచ్చేది. ఈసారి పట్టీలు కిర్రుమని ఊరుకున్నాయి. ఆయనకి ఇంగ్లీషులో గాని, తెలుగులో గాని అంత ఇంపైన మాట ఎప్పుడూ వినపడలేదు.

హాస్టలు ముందు బండి ఆగేసరికి వాన అందుకుంది. పెద్దపిల్లలు తలల మీద గోనెపట్టాలు వేసుకుని పరిగెత్తుకొచ్చారు. రుక్మిణి మొదటి బస్తా లోపలికి వెళ్లగానే వెనక్కి తిరిగి, కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ పూట అందరితో పాటు వరహాలరావు కూడా నేలమీద కూర్చుని వేడన్నం, పప్పు తిన్నాడు. తెల్లారేసరికి గెడ్డ దారిని మింగేసింది.

పొద్దెక్కాక వాన కాస్త తెరిపిచ్చింది. ఎగువసంతలో ఫోను పలికేది ఒకే ఒక్క బండమీద. వరహాలరావు దానిమీదికెక్కాడు. ఫోను టింగుమంది. ప్రధాన కార్యాలయం ఉత్తర్వు. నిలబడే చదివాడు. చదివి కూర్చున్నాడు.

"శస్త్రచికిత్స జరిగి, కోలుకొనుచున్న తొమ్మిదేళ్ల సహోద్యోగి వీపున బస్తాలు మోపి కొండ ఎక్కించిన అమానుష చర్య సంస్థ దృష్టికి వచ్చినది. సదరు పికప్పు నిర్దోషి అని తేలినందున దానిని సగౌరవముగా విధులలోకి తీసుకొనడమైనది. మేనేజరు బొడ్డేపల్లి వరహాలరావును తక్షణము సస్పెండు చేయడమైనది. శాలువా తిరిగి అప్పగించవలెను."

సోమన్న, రుక్మిణి బండకిందే నిలబడి ఉన్నారు. ఆయన మొహం చూసి రుక్మిణి గాభరా పడింది.

"ఏటొచ్చింది సార్?"

"ఏముందమ్మా," అన్నాడు వరహాలరావు. "నాకూ సస్పెన్షనొచ్చింది."

సోమన్న మొహం ఇంతయింది. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

"మంచి పన్జేసినారు బాబూ! ఇన్నాళ్లకి మిమ్మల్నీ పట్టించుకున్నారు. ఇంకెంత బరువు పడ్డా మీరు కూలబడిపోరు!"

వరహాలరావు వాడికి అర్థం చెప్పబోయాడు. చెప్పబోయి, కింద హాస్టలు వంటగది కప్పులోంచి లేస్తున్న పొగ చూసి ఆగాడు. లోపల ఒకసారి తడిమి చూసుకున్నాడు. నిజమే, కూలబడలేదు.

"అవును సోమన్నా," అన్నాడు బండ దిగుతూ, "కమాన్లు గట్టివే వేశారు."